జాజ్ బేస్ వైరింగ్ మార్చుకోవడం: పాట్‌లు, కెపాసిటర్, సిరీస్ స్విచ్

బేస్ గిటార్ సౌండ్ నచ్చకపోతే చాలామంది మొట్టమొదట పికప్‌ల మీద, అంటే తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు కాయిల్‌ల మీద పడతారు. అన్నిటికంటే ఖర్చయ్యే మార్పు అదే. ఉన్న పికప్‌లనే ఇంకోలా కలిపితే, వాటి మీద పడే లోడ్‌ను కాస్త అటూ ఇటూ చేస్తే వచ్చే తేడా కొత్త పికప్‌లతో వచ్చే తేడాకు ఏమీ తీసిపోదు. పైగా నచ్చకపోతే అరగంటలో పాత వైరింగ్‌కు వెళ్లిపోవచ్చు.

ఇక్కడ చెప్పేదంతా రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు, రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్ ఉన్న జాజ్ బేస్ తరహా వాద్యం గురించి. బ్యాటరీ లేని ప్యాసివ్ వైరింగ్. ఫెండర్ కంపెనీ 1960లో ఈ బేస్‌ను తెచ్చినప్పుడు ఒక్కో పికప్‌కు వాల్యూమ్, టోన్ రెండూ ఉండేవి, ఒకదాని మీద ఒకటి పేర్చిన జంట నాబ్‌లుగా. కొద్దికాలానికే అది ఇప్పుడు అందరికీ తెలిసిన మూడు నాబ్‌ల పద్ధతికి మారింది.

సోల్డరింగ్ ఐరన్ వేడెక్కకముందే కొలవండి

మల్టీమీటర్ లేకుండా ఈ పనికి దిగొద్దు. బేస్‌కు కేబుల్ పెట్టి, రెండో చివర ప్లగ్ కొన మీద ఒక ప్రోబ్, దాని ఒంటి మీద ఇంకోటి పెట్టి రెసిస్టెన్స్ చూడండి. ప్లేట్ విప్పకుండానే లోపలి సంగతి సగం తెలిసిపోతుంది. ఒక్కో పికప్ 7.5 కిలో ఓమ్‌లు, పాట్‌లన్నీ (నాబ్ కింద ఉండే, తిప్పితే రెసిస్టెన్స్ మారే భాగాలు) 250 కిలో ఓమ్‌లు అనుకుంటే రావలసిన అంకెలివి:

రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే: 3.6 కిలో ఓమ్‌లు
ఒకటి పూర్తిగా, రెండోది సున్నా: 7.1 కిలో ఓమ్‌లు
రెండూ సున్నా: 125 కిలో ఓమ్‌లు

చివరి అంకె చూసి మీటర్ పాడైందనుకోకండి. జాజ్ బేస్‌లో వాల్యూమ్ పాట్‌ను మామూలు గిటార్‌కు తిరగేసి కలుపుతారు. పాట్‌కు వైర్లు అతికే కాళ్లు మూడు. మామూలుగా పికప్ పక్క కాలికి వస్తుంది, మధ్య కాలి నుంచి అవుట్‌పుట్ వెళుతుంది. అలా రెండు వాల్యూమ్‌లు పెడితే ఒకటి సున్నాకు తిప్పగానే అవుట్‌పుట్ గ్రౌండ్ (సిగ్నల్ తిరుగు దారి) అయి రెండో పికప్ కూడా మూగబోతుంది. జాజ్ బేస్‌లో పికప్ హాట్ వైరు (సిగ్నల్ మోసేది) మధ్య కాలికి వస్తుంది, పక్క కాలు అవుట్‌పుట్‌కు పోతుంది. సున్నాలో పికప్ మాత్రమే గ్రౌండ్‌కు షార్ట్ అవుతుంది. అవుట్‌పుట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య పాట్ ట్రాక్ మొత్తం, అంటే 250 కిలో ఓమ్‌లు, ఉండిపోతుంది. రెండు పాట్‌ల ట్రాక్‌లు ప్యారలల్‌గా, అంటే పక్కపక్కన సమాంతరంగా, కలిసి 125. రెండూ సున్నాలో పెట్టినా ఆంప్‌లో సన్నగా హమ్ వినిపించవచ్చు, దానికి కారణం ఇదే. మీ మీటర్ 125 దగ్గర కాకుండా సున్నా చూపిస్తే ఎవరో మామూలు గిటార్ లాగా వైర్ చేశారన్నమాట. కింద చెప్పే స్విచ్ పెట్టేముందు దాన్ని సరిచేయాలి.

పాట్‌లకు 20 శాతం అటూ ఇటూ తేడా మామూలే. 125 బదులు 105 వచ్చినా 145 వచ్చినా కంగారు అక్కర్లేదు. మీ బేస్ అంకెలను కాగితం మీద రాసిపెట్టుకోండి, పని అయ్యాక వాటితోనే పోల్చుకోవాలి. ప్లేట్ తీశాక, ఒక్క వైరు కూడా కదపకముందు, వెలుతురులో రెండు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి.

పాట్ విలువ ఏం చేస్తుంది

రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిచి ఉన్నా పాట్‌లు పికప్‌లకు లోడ్‌గానే ఉంటాయి. పై పౌనఃపున్యాల దగ్గర, టోన్ పాట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఉండే కెపాసిటర్ దాదాపు వైరులాగే ప్రవర్తిస్తుంది కాబట్టి టోన్ పాట్ కూడా లెక్కలోకి వస్తుంది: మూడు 250లు ప్యారలల్‌గా కలిస్తే 83 కిలో ఓమ్‌లు. ఈ లోడ్ రెసిస్టెన్స్ ఎంత తక్కువైతే ట్రెబుల్ (పై పౌనఃపున్యాలు) అంత అణుగుతుంది. పాట్‌లన్నీ 500 చేస్తే లోడ్ 167 అవుతుంది. స్లాప్‌లో (బొటనవేలితో తీగను కొట్టి వాయించే పద్ధతి), కొత్త స్టీల్ తీగల మీద ఆ మెరుపు వినిపిస్తుంది. ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు చదునుగా ఉన్న) తీగలు వేసుకుని టోన్ సగానికి దించి వాయించేవాళ్లకు తేడా తెలియదు, వాళ్లు ఆ ఖర్చు పెట్టకపోవడమే మంచిది. మధ్యేమార్గం ఒకటుంది: వాల్యూమ్‌లను 250గానే ఉంచి టోన్ ఒక్కటే 500 చేయడం.

పాట్ మీద ‘ఎ’ అని ఉంటే లాగ్ (మొదట మెల్లగా, చివర వేగంగా మారేది), ‘బి’ అని ఉంటే లీనియర్ (తిప్పినంత మేరకు సమానంగా మారేది). ఆసియా తయారీ పాట్‌లలో ఎక్కువగా ఇదే పద్ధతి. టోన్‌కు తప్పకుండా లాగ్ తీసుకోండి. లీనియర్ పెడితే 10 నుంచి 2 దాకా ఏమీ జరగనట్టుండి, ఆ తర్వాత ఒక్కసారిగా మూసుకుపోతుంది.

కొనేముందు కొలతలు చూసుకోవాలి. అమెరికన్ పద్ధతి పెద్ద పాట్‌ల మెడ 9.5 మిల్లీమీటర్లు, కడ్డీ 6.35, దానికి పక్క స్క్రూతో బిగించే నాబ్ వస్తుంది. చవక బేస్‌లలో ఉండే చిన్న పాట్‌ల మెడ 7 మిల్లీమీటర్లే, కడ్డీ 6, చాలావాటిలో చీలిక కడ్డీ. పెద్దది పెట్టాలంటే ప్లేట్‌లో రంధ్రం వెడల్పు చేయాలి. నునుపు కడ్డీ నాబ్‌ను చీలిక కడ్డీ మీద బలవంతంగా బిగిస్తే చీలిక మూసుకుపోయి నాబ్ ఊగుతుంది.

కెపాసిటర్: విలువ చూడండి, రంగు కాదు

జాజ్ బేస్ టోన్‌లో సాధారణంగా ఉండేది 0.047 మైక్రోఫారాడ్. కెపాసిటర్ మీద 473 అని ఉంటుంది: 47 పక్కన మూడు సున్నాలు, పికోఫారాడ్‌లలో. అలాగే 333 అంటే 0.033, 223 అంటే 0.022, 104 అంటే 0.1. ప్యాసివ్ బేస్‌లో వోల్టేజ్ చాలా తక్కువ కాబట్టి 50 వోల్టులు అని రాసి ఉన్న మామూలు ఫిల్మ్ కెపాసిటర్ సరిపోతుంది. నూనె కాగితం, పాతకాలపు రంగు చారలు అని చెప్పి పది రెట్లు అడిగేవాటిలో, విలువ ఒకటే అయినప్పుడు, చెవికి తెలిసే తేడా ఉండదు.

టోన్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు కెపాసిటర్ విలువ మార్చినా ఏమీ మారదు, అక్కడ పనిచేసేది పాట్ విలువే. టోన్ దించేకొద్దీ కెపాసిటర్ వంతు వస్తుంది. 0.1 పెడితే సున్నాలో అడుగు (కింది పౌనఃపున్యాలు) మాత్రమే మిగులుతుంది, స్వరం ఎక్కడుందో పోల్చుకోవడం కష్టం. 0.022 పెడితే టోన్ మూసినా మిడ్ (మధ్య పౌనఃపున్యాలు) నిలబడి స్వరం పలుకుతుంది. సిరీస్ స్విచ్ కూడా పెట్టబోతున్నారంటే 0.033 గానీ 0.022 గానీ తీసుకోండి. సిరీస్‌లో ట్రెబుల్ ముందే తగ్గి ఉంటుంది, దాని మీద 0.047 కూడా పడితే బురద బురదగా ఉంటుంది. ఏదో ఒకటి అతికించేముందు మొసలి క్లిప్పులతో రెండు మూడు విలువలు పెట్టి, ఆంప్‌లో విని తేల్చుకోవచ్చు.

సిరీస్ స్విచ్

జాజ్ బేస్ మామూలు వైరింగ్‌లో రెండు పికప్‌లూ ప్యారలల్. వాటినే సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, కలిపితే ఒకదాని సిగ్నల్ రెండోదాని మీద కూడుతుంది. ప్యారలల్‌తో పోలిస్తే దాదాపు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. ఇండక్టెన్స్ (మారే కరెంటును కాయిల్ అడ్డుకునే గుణం) నాలుగింతలవుతుంది. కేబుల్ కెపాసిటెన్స్ అదే ఉంటుంది కాబట్టి పికప్ రెజొనెన్స్ (అది అన్నిటికంటే గట్టిగా పలికే పౌనఃపున్యం) సుమారు ఒక ఆక్టేవ్ కిందికి, అంటే సగానికి, దిగుతుంది. చెవికి అది మందమైన మిడ్‌గా, తగ్గిన మెరుపుగా వినిపిస్తుంది. బ్యాండ్‌లో రెండు గిటార్ల మధ్య నలిగిపోతున్న బేస్‌కు, ఒక్క మార్పే చేయమంటే, ముందు చేయాల్సింది ఇదే.

కావలసినవి: ఎ250 పుష్ పుల్ పాట్ ఒకటి, అంటే నాబ్ పైకి లాగితే కింద ఉన్న ఆరు కాళ్ల డీపీడీటీ స్విచ్ (రెండు కనెక్షన్లను ఒకేసారి అటూ ఇటూ మార్చేది) మారేది, 22 గేజ్ వైరు అర మీటరు, కాస్త హీట్ ష్రింక్ గొట్టం. దీన్ని టోన్ పాట్ స్థానంలో పెడతాం. పుష్ పుల్ పాట్ మామూలు పాట్ కంటే బాగా లోతుగా ఉంటుంది. ముందు ప్లేట్ కింద పాట్‌లు ఉండే గుంత లోతు స్కేలుతో కొలిచి, పాట్ కింది స్విచ్ కాళ్లకూ అడుగుకూ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుందో లేదో చూడండి. పట్టకపోతే ప్లేట్‌లో 6.5 మిల్లీమీటర్ల రంధ్రం చేసి చిన్న డీపీడీటీ టాగుల్ స్విచ్ పెట్టొచ్చు. ఆన్-ఆన్ రకమే అడగండి, మధ్యలో ఆఫ్ ఉన్నది కాదు.

అతికించేముందు రెండు పరీక్షలు. ఒకటి, నెక్ పికప్ (బేస్ మెడ వైపు ఉన్నది; రెండోది బ్రిడ్జ్ పికప్) గ్రౌండ్ వైరు నిజంగా విడిపోతుందా అన్నది. ఆ వైరును పాట్ వెనక నుంచి తీసేసి, దానికీ బ్రిడ్జ్‌కూ (తీగల కింది చివర ఆనే లోహపు భాగం), దానికీ గుంతలో షీల్డింగ్ కోసం అతికించిన రాగి రేకుకూ మీటర్‌తో కంటిన్యుటీ (కలిసి ఉన్నాయా అన్నది) చూడండి. బీప్ వస్తే పికప్ కింది లోహపు పలకో, షీల్డ్ అల్లికో ఇంకా ఎక్కడో గ్రౌండ్‌కు తగులుతోంది. కొన్ని పికప్‌లలో ఒకే కోర్ ఉన్న కేబుల్ వస్తుంది, చుట్టూ ఉన్న అల్లికే గ్రౌండ్ వైరు. సిరీస్‌లో ఆ అల్లిక సిగ్నల్ మోస్తుంది, ఎక్కడ తగిలినా షార్ట్. అలాంటి చోట అల్లిక పొడవునా హీట్ ష్రింక్ తొడగాలి, లేదా రెండు కోర్‌ల కేబుల్ వేయాలి.

రెండోది ఫేజ్, అంటే రెండు పికప్‌ల సిగ్నల్‌లూ ఒకే వైపు కదులుతున్నాయా అన్నది. పికప్‌లు రెండూ ఒకే సెట్‌లోవైతే ఈ పరీక్ష వదిలేయొచ్చు. వేర్వేరు తయారీవైతే తప్పనిసరి. మీటర్‌ను డీసీ 200 మిల్లీవోల్టుల మీద పెట్టి, ఎర్ర ప్రోబ్ హాట్‌కు, నల్లది గ్రౌండ్‌కు కలిపి, స్క్రూడ్రైవర్ ఇనుప కొనను పికప్ పోల్ (పైన గుండ్రంగా కనిపించే లోహపు కొన) మీద ఆనించి చటుక్కున లాగండి. అంకె ఏ వైపు ఉలిక్కిపడిందో చూడండి, ప్లస్‌కా మైనస్‌కా. రెండో పికప్‌తో అదే చేస్తే అదే గుర్తు రావాలి. వేరుగా వస్తే ఒక పికప్ రెండు వైర్లనూ తారుమారు చేసుకోవాలి.

ఇక వైరింగ్. స్విచ్‌కు రెండు వరుసలు, ఒక్కో వరుసలో మూడు కాళ్లు. వాటిని ఎ వరుస, బి వరుస అందాం. నాబ్ లోపలికి నొక్కి ఉన్నప్పుడు మధ్య కాలు ఏ చివరి కాలితో కలుస్తుందో మీటర్‌తో చూసి, ఆ చివరకు ‘ప్యా’ అని, ఎదుటి చివరకు ‘సి’ అని మార్కర్‌తో రాసుకోండి. తయారీని బట్టి ఇది మారుతుంది, ఊహించొద్దు.

1. నెక్ పికప్ గ్రౌండ్ వైరు: ఎ వరుస మధ్య కాలికి.
2. ఎ వరుస ‘ప్యా’ కాలు నుంచి చిన్న వైరు: గ్రౌండ్‌కు, అంటే పాట్ వెనక్కి.
3. బ్రిడ్జ్ పికప్ హాట్ వైరును దాని వాల్యూమ్ పాట్ నుంచి తీసి: బి వరుస మధ్య కాలికి.
4. బి వరుస ‘ప్యా’ కాలు నుంచి వైరు: బ్రిడ్జ్ వాల్యూమ్ మధ్య కాలికి.
5. ఎ వరుస ‘సి’ కాలు, బి వరుస ‘సి’ కాలు: రెండిటికీ మధ్య చిన్న జంపర్. ఇంకెక్కడికీ వెళ్లదు.

నెక్ హాట్ వైరు నెక్ వాల్యూమ్ మధ్య కాలికి, బ్రిడ్జ్ గ్రౌండ్ వైరు గ్రౌండ్‌కు, ఎప్పట్లాగే. టోన్ భాగం కూడా పాతదే: పాట్ మధ్య కాలికి అవుట్‌పుట్ నుంచి వైరు, పక్క కాలి నుంచి కెపాసిటర్ గుండా గ్రౌండ్‌కు. పాట్‌ను వెనక నుంచి, కాళ్లు మీ వైపు ఉండేలా చూస్తే కుడి కాలు వాడాలి. వాల్యూమ్ పాట్‌లలోనూ గ్రౌండ్‌కు పోయేది ఆ కుడి కాలే, ఎడమది అవుట్‌పుట్.

నాబ్ నొక్కి ఉంటే అంతా పాత జాజ్ బేసే. లాగితే నెక్ వాల్యూమ్ రెండు పికప్‌లకూ మాస్టర్ అవుతుంది. బ్రిడ్జ్ వాల్యూమ్ ఎంత తిప్పినా ఏమీ మారదు. అది తప్పు కాదు, ఈ వైరింగ్ తీరే అంత. ఇప్పుడు కేబుల్ చివర కొలిస్తే, నెక్ వాల్యూమ్ పూర్తిగా తెరిచి, 13.4 కిలో ఓమ్‌ల దగ్గర రావాలి. 7.1 వస్తే నెక్ గ్రౌండ్ వైరు ఇంకా ఎక్కడో గ్రౌండ్‌కు తగిలి బ్రిడ్జ్ పికప్‌ను షార్ట్ చేస్తోంది. నెక్ ఒక్కటే పలుకుతోంది. 125 వస్తే జంపర్ దగ్గర టంకం పట్టలేదు.

సిరీస్‌లోకి మారగానే ఆ 6 డెసిబెల్‌లకు ఆంప్ ఇన్‌పుట్‌లో సౌండ్ పగిలినట్టు రావచ్చు. నెక్ వాల్యూమ్‌ను కాస్త దించుకోవడం ఒక దారి. దించితే ట్రెబుల్ ఇంకా తగ్గుతుంది, తిరగేసిన పాట్ పికప్‌ను నేరుగా లోడ్ చేస్తుంది కదా. పికప్‌లను తీగల నుంచి రెండు మిల్లీమీటర్లు దించడం మెరుగు.

టంకం

ఎక్కువమంది పాట్‌లను చంపేది ఇక్కడే. చిన్న 25 వాట్ల ఐరన్‌తో పాట్ వెనక్కి వైరు అతికించబోతే లోహం వేడిని పీల్చేసుకుంటుంది, అర నిమిషం పట్టుకున్నా టంకం పారదు, ఈలోగా లోపలి ట్రాక్ మాడుతుంది. 60 వాట్ల ఐరన్, 3 మిల్లీమీటర్ల ఉలి ఆకారపు కొన, 350 నుంచి 380 డిగ్రీలు ఉంటే అదే పని మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది. ముందు పాట్ వీపును ఎమెరీ కాగితంతో గీకి మెరిపించండి, మొదట వీపుకూ వైరు కొనకూ వేరువేరుగా టంకం పూసి తర్వాత కలపండి. టంకం లోపల రోజిన్ ఉన్న 60/40 లేదా 63/37 రకం, మందం 0.8 నుంచి 1 మిల్లీమీటర్. ప్లంబింగ్ యాసిడ్ ఫ్లక్స్ దగ్గరికి రానివ్వొద్దు, అది రాగిని తినేస్తుంది. చల్లారేదాకా వైరు కదిలితే అతుకు గరగరలాడే బూడిద రంగులోకి మారుతుంది. అలాంటిది మళ్లీ వేడి చేయాల్సిందే.

జాజ్ బేస్‌లో కంట్రోల్ ప్లేట్ విడిగా ఉంటుంది కాబట్టి తీగలు తీయక్కర్లేదు. బేస్ ఒంటి మీద మాత్రం మందపాటి గుడ్డ కప్పండి, వార్నిష్ మీద పడిన టంకం చుక్క మచ్చ పోదు. పికప్ వైర్లను పట్టి లాగొద్దు: వాటి చివర ఉన్న కాయిల్ తీగ సుమారు 0.06 మిల్లీమీటర్లే, వెంట్రుకంత మందం, తెగితే ఇంట్లో బాగుచేయడం దాదాపు అసాధ్యం.

మూశాక గొడవ చేస్తే

ప్లేట్ బిగించగానే మూగబోయి, తీస్తే పలికితే, ఏదో హాట్ కాలు గుంతలోని రాగి రేకుకో షీల్డింగ్ రంగుకో తగులుతోంది. జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) కాలే సాధారణంగా దోషి. దాన్ని కొంచెం లోపలికి తిప్పి, గుంత గోడ మీద ఇన్సులేషన్ టేపు అతికించండి.

తీగలు ముట్టుకుంటే హమ్ పెరిగితే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారయ్యాయి. ముట్టుకున్నా ముట్టుకోకపోయినా జర్రుమనే రొద ఒకేలా ఉంటే బ్రిడ్జ్ కింది నుంచి గుంతలోకి వచ్చే గ్రౌండ్ వైరు ఊడింది. బ్రిడ్జ్ లోహానికీ జాక్ గ్రౌండ్‌కూ మధ్య ఒక ఓమ్ లోపే రావాలి. ఆ వైరు చివర పెయింట్ ఉంటే బ్రిడ్జ్ విప్పి గీకి మళ్లీ బిగించాలి.

రెండు పికప్‌లూ తెరిస్తే నిశ్శబ్దం, ఒకటే తెరిస్తే హమ్: ఇది లోపం కాదు. ఒక సెట్‌గా వచ్చే చాలా జాజ్ పికప్‌లలో ఒకదాని కాయిల్ చుట్టిన దిశ, అయస్కాంతం రెండూ తిరగేసి ఉంటాయి కాబట్టి కలిసినప్పుడు హమ్ రద్దవుతుంది. సిరీస్‌లోనూ అంతే. రాగి రేకుతో గుంత మొత్తం కప్పినా ఒంటరి పికప్ హమ్ పోదు, అది అయస్కాంత క్షేత్రం ద్వారా వచ్చేది. రేకు ఆపేది లైట్ డిమ్మర్ల లాంటివాటి నుంచి వచ్చే జర్రుమనే రొదను మాత్రమే.

రెండూ తెరిస్తే అడుగు పోయి సన్నగా, ముక్కుతో పాడినట్టు వినిపిస్తే ఫేజ్ తిరగబడింది. నెక్ పికప్ రెండు వైర్లనూ ఒకదాని స్థానంలో ఇంకోటి వేస్తే సరి.

ప్రెసిషన్, బ్లెండ్ ఉన్నవాళ్లకు

1957 నుంచి ఫెండర్ ఇంకో బేస్ అయిన ప్రెసిషన్ బేస్‌లో ఉన్న రెండు ముక్కల పికప్‌లో రెండు కాయిల్స్ ముందే సిరీస్‌లో ఉంటాయి. దాన్ని స్విచ్‌తో ప్యారలల్ చేయొచ్చు గానీ, పెద్దగా సిఫారసు చేయదగ్గది కాదు. ఒక్కో కాయిల్ రెండేసి తీగల కిందే ఉంటుంది. ప్యారలల్‌లో పలికే కాయిల్‌కు పలకని కాయిల్ లోడ్ అవుతుంది, సిగ్నల్ సుమారు సగానికి పడిపోతుంది. అక్కడ టోన్ కెపాసిటర్ మార్చడం వరకూ చేసి ఆగితే చాలు.

రెండు వాల్యూమ్‌ల బదులు ఒక మాస్టర్, ఒక బ్లెండ్ (రెండు పికప్‌ల పాళ్లు మార్చే నాబ్) కావాలంటే ఎంఎన్ టేపర్ పాట్ అడిగి తీసుకోండి. అందులో మధ్య గాడిలో రెండు పికప్‌లూ పూర్తిగా తెరిచి ఉంటాయి. మామూలు జంట లీనియర్ పాట్ పెడితే మధ్యలో రెండూ సగానికి దిగి, అందరూ ఎక్కువగా వాడే ఆ చోటే వాల్యూమ్ పడిపోతుంది. బ్లెండ్‌కు 500 విలువే తీసుకోండి, 250 అయితే మాస్టర్‌తో కలిసి లోడ్ రెసిస్టెన్స్ తగ్గి ట్రెబుల్ అణుగుతుంది. బ్లెండ్ పెడితే పైన చెప్పిన సిరీస్ స్విచ్ అలాగే కుదరదు: నెక్ గ్రౌండ్, బ్రిడ్జ్ హాట్ బ్లెండ్‌కు చేరకముందే స్విచ్ గుండా వెళ్లాలి. సిరీస్‌లో బ్లెండ్‌ను నెక్ వైపుకు పూర్తిగా తిప్పి వాయించాలి.